తాడు విప్పని రేడియోలు

మొన్న మధ్యాహ్నం కొరియర్ వాళ్ళు తెచ్చి ఇచ్చిన అట్టపెట్టెను, హైదరాబాదు నుంచి వచ్చి ఉన్న మా కోడలు గుమ్మంలోనే నిలబడి తాళంచెవితో బరబరా చీల్చి, లోపలున్న మిక్సీని బయటికి లాగి, అట్టను కాలితో మూలకు నెట్టేసి, ఇవతల నేను చదువుతున్న పేపర్లో పేజీ తిప్పేలోపు వంటింట్లో చట్నీ కూడా మొదలుపెట్టేసింది. మా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచివెళ్ళి, ఆ అట్టపెట్టెను తీసుకుని, చిరిగిన అంచులు అరచేత్తో సరిచేసి, మడిచి బీరువా వెనక దాచుకుంది. ఎందుకత్తయ్యా ఆ చెత్త అని కోడలు నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. పేపరు పక్కన పడేసి, ఎండలో వాకిట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. నాకు పుట్టుకతోనే కుదురు లేదని మా అమ్మ అనేది. ఆ రోజుల సంగతి గుర్తొస్తే ఉన్న కాస్త కుదురు కూడా పోతుంది.

కువైట్లో పనిచేసి వచ్చిన మన వయసు వాళ్ళకు అట్టపెట్టె అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. నేను అప్పట్లో ఖైతాన్‌లో ఒక రేడియో, టీవీల రిపేరు కొట్లో మెకానిక్‌ని. అమలాపురంలో రేడియోలు విప్పుతూ బిగిస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి నన్ను అక్కడి మనవాళ్ళంతా రేడియో మేస్త్రీ అనేవారు. మా కొట్లో కొత్త టేప్‌రికార్డర్లు కూడా అమ్మేవాళ్ళం. శుక్రవారం వచ్చిందంటే కడప, రాయచోటి వైపు వాళ్ళూ మా కోనసీమ వాళ్ళూ కొట్టు నిండిపోయేవారు. రేడియో, టేపు రెండూ ఉన్న పెద్ద సెట్టు ఒకటి ఎంచుకుని, ఒక్కసారి మోగించి చూపించమని అడిగి, అది మోగగానే ఆపేయించి, మళ్ళీ ఆ థర్మోకోల్ ముక్కల మధ్య దాన్ని పడుకోబెట్టించి, కంపెనీ టేపు లాంటి టేపే అంటించమని పట్టుబట్టేవారు. ఆ పైన నైలాన్ తాడు నాలుగు వైపులా బిగించి, నల్ల సిరాతో ఊరి పేరు, ఇంటి పేరు రాయించుకుని, మోసుకెళ్ళి మంచం కింద తోసేవారు. అది సెలవుకి ఊరెళ్ళే రోజు దాకా మళ్ళీ వెలుగు చూడదు. ఏళ్ళ తరబడి దాని మీద పడుకునేవారే గానీ దాన్ని వినేవాళ్ళు లేరు. మా ఆవిడ కూడా అలాంటి పెట్టె ఒకటి వాళ్ళ నాన్న కోసం కొని దాచింది. ఆయన రోజూ సాయంత్రం పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని వాళ్ళ రేడియోలో వార్తలు వినేవాడు, మనింట్లోనే ఒకటి ఉండాలని ఆయనకు ఆశ.

మా ఆవిడ మిష్రిఫ్‌లో ఒక విల్లాలో ఇంటిపని చేసేది. భార్యాభర్తలిద్దరం ఒకే దేశంలో ఉన్నామన్న మాటే గానీ, నెలలో రెండు శుక్రవారాలు, అదీ వాళ్ళ మామా దయ తలిస్తే, ఖైతాన్ బస్టాండులో కలుసుకుని, ఏదో తిని, సాయంత్రానికి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళేవాళ్ళం. ఇంటి యజమానురాల్ని పనమ్మాయిలంతా మామా అనే పిలుస్తారు, అందుకని నేనూ అలాగే అంటున్నాను. తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ వాళ్ళ ట్యాంకులు వచ్చి రోడ్ల మీద నిలబడ్డ పొద్దున్న నాకు మొదట గుర్తొచ్చింది ఆ బస్టాండే. ఇంక బస్సులు తిరగవు, ఆవిడ రాదు, నేను వెళ్ళలేను. కొన్నాళ్ళు ఆ విల్లాకి ఫోను మోగింది, ఎవరూ ఎత్తలేదు, తరవాత మోగడం కూడా మానేసింది. ఖైతాన్‌లో పుకార్లకు కొదవ లేదు. ఫలానా వీధిలో సైనికులు ఇళ్ళలో దూరారని ఒకడంటాడు, పనమ్మాయిల్ని బయటికి నెట్టేస్తున్నారని ఇంకొకడంటాడు. ఆ మాటలు వింటూ గదిలో నలుగురి మధ్య కూర్చోలేక, బయట తిరగలేక, కాలుగాలిన పిల్లిలా మేడమెట్లు ఎక్కడం దిగడం చేసేవాణ్ణి. గదిలోవాళ్ళు నన్ను చూసి తిట్టుకునేవారు కూడా.

ఆ తిరుగుడులోనే నాకు ఆ ఆలోచన వచ్చింది. మెకానిక్ పని తెలిసినవాళ్ళు సరదాకి చేసే చిన్న వైర్‌లెస్ మైకు ఒకటుండేది. ఒకటి రెండు ట్రాన్సిస్టర్లు, పెన్సిలు మీద చుట్టిన రాగితీగ, ఒక మైకు, ఒక బ్యాటరీ ఉంటే చాలు, పక్కింట్లో ఎఫ్.ఎం. రేడియో పెడితే మన గొంతు అందులో పలుకుతుంది. ఊళ్ళో పెళ్ళిళ్ళలో దాంతో ఎన్ని వేషాలు వేశామో! దాన్ని కాస్త బలంగా చేసి, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఎత్తుగా తీగ కడితే నాలుగు వీధులు దాటుతుంది. ఆ నాలుగు వీధుల అవతల ఒక మనవాడుండి, నేను చెప్పింది విని, తన దగ్గరున్న అలాంటి డబ్బాలోనే మళ్ళీ చెబితే ఇంకో నాలుగు వీధులు దాటుతుంది. అలా మిష్రిఫ్ దాకా పోవచ్చు. కొట్టు యజమాని దేశం దాటిపోతూ తాళాలు నా చేతికిచ్చాడు కాబట్టి సామానుకు లోటు లేదు. లైసెన్సు సంగతి అడిగే ప్రభుత్వం అక్కడ లేదు, దొరికితే అడక్కుండానే గోడకు నిలబెట్టే తుపాకులు మాత్రం ఉన్నాయి.

నాకు దొరికిన మొదటి మనిషిని అందరం కడపన్న అనేవాళ్ళం. ఆయన జాబ్రియాలో ఒక పెద్ద భవనానికి కాపలాదారు, నాకంటే పెద్దవాడు, ఎవరితోనైనా వరస కలిపేసే రకం. ఆయనే దారిపొడుగునా కాపలాదార్లనూ ఇళ్ళ డ్రైవర్లనూ మాట్లాడి పెట్టాడు. డబ్బాలను రొట్టెల సంచుల్లో అడుగున పెట్టుకుని, పైన ఖుబ్బూస్ రొట్టెలు పేర్చి, చెక్‌పోస్టుల్లో సైనికులకే రెండు రొట్టెలు పంచిపెడుతూ చేరవేశాడు. చివరన మిష్రిఫ్‌లో మా పెద్దమ్మ కొడుకు, నాకు తమ్ముడి వరస, ఒక ఇంట్లో డ్రైవరు. వాళ్ళ యజమానులు వేసవికి పై దేశం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు, కాబట్టి ఆ ఇంటి మేడ మనదే. ఇలా నాకూ మా ఆవిడకూ మధ్యన ఏడెనిమిది మంది మగాళ్ళు, ఒకడి నోట్లోంచి ఇంకొకడి చెవిలోకి, గొలుసులా నిలబడ్డారు. ఎంత పనిచేశారో ఆ మహానుభావులు, తల్చుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అరబ్బు ఇళ్ళలో అందరూ పడుకుంటారు. పనమ్మాయిలకు కాస్త ఊపిరాడేది అప్పుడే, అందుకని మేం మాట్లాడేదీ అప్పుడే. అయితే ఆ ఎండకు రాగితీగ వేడెక్కి, స్టేషన్ ఉన్నచోట ఉండక జారిపోయేది. వినేవాళ్ళు రేడియో ముల్లును వెతుక్కుంటూ వెంట తిరగాలి. చివరకు డబ్బాను ఐస్‌పెట్టెలో, తడిగుడ్డ మీద పెట్టి మాట్లాడేవాణ్ణి. ఏ కొట్లో బియ్యం దొరుకుతున్నాయి, ఏ రోడ్డు మీద వెళ్ళకూడదు, ఎవరు క్షేమం, ఇవన్నీ గబగబా చెప్పి, ఎవరైనా పసిగడతారేమోనని చప్పున ఆపేసేవాణ్ణి. మా ఆవిడకు చెప్పాల్సింది మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి. మన తరంలో నలుగురిలో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడమే లేదు, ఇక ఏడెనిమిది మంది మగాళ్ళ నోటి మీదుగా ఏం చెప్పగలను? ఖైతాన్ రేడియో మేస్త్రీ ఇంటావిడకు, ఆయన బాగున్నాడు, భయపడవద్దు అని రోజూ అదే ఒక్క ముక్క. ఆ ముక్క చెప్పి దిగివచ్చాక, ఆవిడ విన్నదో లేదో తెలియక, మళ్ళీ ఆ మెట్లు నాకు తప్పేవి కావు.

ఇలా చాలా రోజులు జరిగాక ఒక పొద్దున్న కడపన్న రొట్టెల సంచితో ఖైతాన్ వచ్చాడు. సహకార దుకాణం ముందు రొట్టెల క్యూలో ఇళ్ళ నుంచి వచ్చే పనమ్మాయిలు నిలబడతారు, మా మాటలు వినపడుతున్నాయా అని వాళ్ళను అడిగొచ్చాడట. మెట్ల మీద కూలబడి, తలగుడ్డతో మొహం తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

“యాడ ఇంటారు మేస్త్రీ వాళ్లు? రేడియోలన్నీ డబ్బాల్లో కట్టిపెట్టుకోనుండారు. ఊరికి తీస్కపోవల్లని మూట గట్టినేటివి ఎవరన్నా ఇప్పుతారా?”

ఆ పెట్టెలకు టేపు అంటించింది ఈ చేతులే, తాడు బిగించింది ఈ చేతులే, అయినా నా బుర్రకు తట్టలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇన్నాళ్ళూ మేం మాట్లాడింది మంచాల కింద ఉన్న అట్టపెట్టెలతోనన్నమాట! కోపం, నవ్వు, ఏడుపు మూడూ కలిసివచ్చాయి. ఆడవాళ్ళు ఎంత చెప్పినా వినలేదట. సీలు విప్పితే పాతదైపోదా, ఊళ్ళో వాడిన సామాను తెచ్చిందంటారు గదా అని ఒకామె, మా తమ్ముడు తన చేత్తో విప్పుకోవాలని ఒకామె. ఊరు చేరతామో లేదో తెలియని ఆ రోజుల్లో కూడా ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారోనన్న దిగులు వాళ్ళను వదల్లేదు. వాళ్ళను చూసి నవ్వడానికి నాకు నోరు రాదు. ఆ పెట్టె కొత్తగా ఉన్నంత కాలం ఊరికి వెళతామన్న నమ్మకం కూడా కొత్తగానే ఉండేది.

అప్పుడు నేనొక మాట ఇచ్చాను. సీలు విప్పండి, వినండి, ఊరెళ్ళే ముందు ఖైతాన్ మేస్త్రీ మళ్ళీ కొత్తదానిలాగే సీలు వేసి ఇస్తాడు, ఎవరూ కనిపెట్టలేరు. ఆ మాట రొట్టెల క్యూలో నడిచింది. ఒకరిద్దరు విప్పారు, వాళ్ళ ఊరి మనిషి గొంతు విని క్యూలో మిగతావాళ్ళతో చెప్పారు, దాంతో ఒక్కొక్క వీధిలో ఒక్కొక్క తాడు విడింది. ఒకామె అట్టపెట్టెలోంచి సెట్టు తీయకుండా, పక్కన చిన్న కన్నం చేసి ముల్లు తిప్పుకుని వింటోందని తెలిసి పగలబడి నవ్వుకున్నాం.

మా ఆవిడ సంగతి మాత్రం అంతుచిక్కలేదు. ఆవిడ క్యూకి రాదు. ఆ ఇంటి నుంచి వచ్చేది సింహళం పనావిడ. కడపన్న తన వచ్చీరాని హిందీలో, చేతులతో గాలిలో పెట్టె బొమ్మ గీసి, తాడు కోసినట్టు చూపించి, ఆమెకు కబురు అప్పజెప్పాడట. ఆ కబురు ఎలా చేరిందో, చేరినా ఆవిడ ఏం చేస్తుందో నాకు నమ్మకం లేదు. ఇంట్లో ఉప్పు నిండుకున్నా ఒకరికి ఇస్తానన్న దాంట్లో చిటికెడు ముట్టుకోని మనిషి ఆవిడ. ఆ పెట్టె వాళ్ళ నాన్నది.

ఇంతలో మనవాళ్ళలో పెద్దలు కొందరు కలిసి బస్సులు మాట్లాడారు. బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేర్చి, అక్కడి నుంచి విమానం. ఖైతాన్‌లో ఒక స్కూలు ముందు గురువారం పొద్దున్న బయల్దేరాలి. ఆ తరవాత దారి ఉంటుందో మూసేస్తారో ఎవరూ చెప్పలేకపోయారు. వీధుల్లో సోదాలు ఎక్కువయ్యాయి. పక్క సందులో ఎవరింట్లోనో వైర్‌లెస్ సెట్టు దొరికిందని, ఆ ఇంటి మగవాళ్ళను తీసుకుపోయారని విన్నాం. గదిలోవాళ్ళు ఇంక చాలు, ఆ డబ్బా పారెయ్ అని కాళ్ళావేళ్ళా పడ్డారు. వాళ్ళ భయం అబద్ధం కాదు, నాకూ భయమే. కానీ ఆవిడ లేకుండా నేను బస్సెక్కేది లేదు, ఆవిడకు చెప్పే దారి ఆ డబ్బా ఒక్కటే. ఆ మూడు నాలుగు రోజులూ గురువారం, ఖైతాన్, స్కూలు అన్న మూడు మాటలు ఎన్నిసార్లు చెప్పానో!

మంగళవారం కాబోలు, మధ్యాహ్నం నేను చెప్పాల్సింది చెప్పి, ఐస్‌పెట్టె మూత పెట్టబోతుంటే, పక్కన పెట్టుకున్న రేడియోలో అవతలి నుంచి కబురు వెనక్కి వచ్చింది. సాధారణంగా మాట అటు పోవడమే గానీ ఇటు రావడం అరుదు. మిష్రిఫ్‌లో మా తమ్ముడు రొట్టెకు పోతూ ఆ విల్లా మీదుగా వెళ్ళాడట. గేటు బయట చెత్తడబ్బా పక్కన ఒక పెద్ద అట్టపెట్టె నిలబెట్టి ఉందట, ఖాళీది, నైలాన్ తాడు కోసి దానిలోనే పడేసి ఉందట, మీద నల్ల సిరాతో అంబాజీపేట అని మా మామగారి ఊరి పేరు ఉందట. కడపన్న గొంతులో ఆ మాట వింటూ ట్యాంకు పక్కనే కూర్చుండిపోయాను. మళ్ళీ సీలు వేయించుకునే ఆలోచన ఉంటే అట్టపెట్టెను పారేయదు. విన్నానని చెప్పడానికి ఆవిడకు ఇంకో దారి లేక, తన చేతిలో ఉన్న ఆ ఒక్కటీ తెచ్చి వీధిలో పెట్టింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా నాకు తోచలేదు.

గురువారం పొద్దున్న ఆ స్కూలు ముందు ఎండలో నిలబడి, వచ్చే ప్రతి కారులోకీ తొంగి చూస్తూ, బస్సు డ్రైవరు యల్లా యల్లా, పదండి పదండి అని అరుస్తుంటే అతన్ని బతిమాలుతూ, నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. చివరకు మా తమ్ముడి కారు వచ్చింది. నల్లటి అబాయా కప్పుకుని, చేతిలో చిన్న బట్టల మూట తప్ప ఏమీ లేకుండా మా ఆవిడ దిగింది. నన్ను చూసి మొదట అన్న మాట ఇదీ:

“ఏవండీ, అన్నం తినటం లేదంటగా?”

నేను అలాంటిదేమీ చెప్పలేదన్నాను. ఆవిడ నవ్వింది. అసలు సంగతి ఏమిటంటే, నా మాట జాబ్రియా చేరాక కడపన్న ఊరుకోలేక దాని తోక పట్టుకుని తనదొకటి కలిపేవాడట: “అమ్మా, నీ మొగుడు కూడు సరిగా తినడంలే, నీ కోసరం కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండాడు, బిన్నే రా తల్లీ” అని. ఆ తరవాత గొలుసులో ఉన్నవాళ్ళెవరూ దాన్ని వదిలిపెట్టలేదు. మా తమ్ముడైతే కడప యాసతో సహా అప్పగించేశాడు. బాగున్నాడు, భయపడవద్దు అన్నది విని కంగారు తగ్గలేదు గానీ, ఆ రెండోది విన్నాక ఇంక ఆ ఇంట్లో నిలవలేకపోయానని బస్సులో నాకు మాత్రమే వినపడేలా చెప్పింది.

పెట్టె విప్పింది వంటింట్లోనట, బంగాళాదుంపలు తరిగే కత్తితో. రెండుసార్లు సోదాకు వచ్చిన సైనికులు ఆ ఇంట్లో టీవీ, రేడియో, కార్లు అన్నీ పట్టుకుపోయారు. మామా, మంచం పట్టిన ఆమె తల్లి, ఈ ఇద్దరు పనమ్మాయిలు తప్ప ఇంట్లో ఎవరూ లేరు. మామా భర్త ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. వంటింట్లో రేడియో చప్పుడు విని మామా దిగివచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఎవరది అని అడిగితే మా ఆవిడ భయపడుతూనే మా ఆయన పంపిన మాట అని చెప్పింది. మామా వచ్చి స్టూలు మీద కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ తెలుగంతా చివరిదాకా వింది. బుధవారం సాయంత్రం లోపలి నుంచి పాస్‌పోర్టు, అక్కడ ఉండటానికి ఇచ్చే ఇఖామా కాగితం తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి, రూహీ, అంటే వెళ్ళిపో, అంది. సింహళం ఆవిడకూ ఇచ్చింది గానీ, ఆమె ముసలావిడను వదిలి రానంది. మా ఆవిడ ఆ రాత్రంతా ఆలోచించుకుని, పొద్దున్న వచ్చేటప్పుడు రేడియోను వంటింటి గట్టు మీదే వదిలేసి వచ్చింది. వాళ్ళకు బయట ఏం జరుగుతోందో చెప్పే దిక్కు ఇంకోటి లేదు.

దారి సంగతులు రాస్తే అదో పురాణం. కడపన్న ఆ బస్సులో ఎక్కలేదు, ఇంకా రావలసినవాళ్ళున్నారని నా డబ్బాను కూడా తీసుకుని ఉండిపోయాడు. తరవాత ఏదో బస్సులో క్షేమంగా బయటపడ్డాడు, రాయచోటి దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళి ఒకసారి చూసి కూడా వచ్చాను. ఆడవాళ్ళకు నేనిచ్చిన సీలు మాట మాత్రం నెరవేరలేదు. బస్సుల్లో మూటలకే చోటు లేదు, ఆ రేడియోలన్నీ కువైట్లోనే ఉండిపోయాయి.

మేం ఊరు చేరిన రోజు మా ఆవిడ తండ్రి ముందు నిలబడి, తేలేకపోయాను నాన్నా అని మొహం కప్పుకుని ఏడ్చింది. నేను కొత్తది కొందామని నసిగాను. ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టి, “రేడియో ఊసెత్తకమ్మా. ఆ పంచాయతీ అరుగు మీద దాని ముందు కూర్చుని రోజూ చచ్చి బతికేను. ఇంక అది మనింట్లో వద్దు” అన్నాడు. పోయేదాకా ఆయన ఇంట్లో రేడియో పెట్టనివ్వలేదు.

మామా ఏమైందో మాకు తెలియదు. యుద్ధం అయ్యాక కువైట్ మళ్ళీ వెళ్ళినవాళ్ళతో కబురు పెట్టించాం, ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారన్నారు. మేం వచ్చేశాక ఆవిడ ఆ మధ్యాహ్నాలు రేడియో పెట్టి ఉంటుంది, కడపన్న ఉన్నన్నాళ్ళు మన మాటలు విని ఉంటుంది, ఆ తరవాత ఆ ముల్లు దగ్గర ఉత్త హోరు. ఆ హోరు వింటూ ఆవిడ ఏమనుకుందో అని మా ఆవిడ ఇప్పటికీ చారు కాస్తూ కాస్తూ ఆగిపోతుంది.

ఇప్పుడు మా ఇద్దరికీ చెరో ఫోనుంది. ఆవిడ కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళితే నేను ఇక్కడి నుంచి వేలితో నొక్కి మెసేజి పెడతాను: బాగున్నాను, భయపడవద్దు. నా చేతికి అంతకంటే రావడం లేదు, అప్పుడూ ఇప్పుడూ అదే ముక్క. చెప్పింది చెప్పినట్టే క్షణంలో చేరిపోతుంది, కింద రెండు నీలం గీతలు పడతాయి, ఆవిడ చదివిందని తెలుస్తుంది. మెట్లెక్కి దిగాల్సిన పని లేదు. అయినా ఫోను పక్కన పెట్టాక నాకు కుదురుండదు. కడపన్న పోయి చాలా ఏళ్ళయింది. నేను అన్నం సరిగా తినడం లేదని ఆవిడకు చెప్పేవాళ్ళు మధ్యలో ఎవరూ లేరు.